ఉప్పు తగ్గించిన ఇల్లు

నా చిన్నప్పుడు మా నాయన జువ్వలదిన్నెలో పడవలు బాగుచేసే వడ్రంగి. ఒక ఏడాది ఆయనకు రక్తపోటు ఎక్కువైతే, నెల్లూరు డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఒక్కడే చప్పిడి తింటే ముద్ద దిగదని అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించేసింది. ఊరగాయ జాడీ, ఎండుచేపల కుండ పిన్నమ్మ వాళ్ళింటికి పోయినాయి.

పాపం, అమ్మ ఎన్ని పాట్లు పడిందో. చేపకు మిరియాలు, వెల్లుల్లి నూరి పట్టించి, పచ్చిమామిడి తురుము వేసి, అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది. ఆకుకూరను నీళ్ళు పొయ్యకుండా దాని చెమ్మలోనే మగ్గబెట్టి, దించినాక నిమ్మకాయ పిండేది. నాకవేవీ సయించేవి కావు. అయినా నాయన కోసమని, పిన్నమ్మ పిలిచి పెట్టినా ఎండుచేప ముట్టలేదు. నాయన మాత్రం ప్రార్థన చేసుకుని, "ఇదే బాగుంది, ఒళ్ళు తేలిగ్గా ఉంది" అని రోజూ మెచ్చుకుంటా తినేవాడు.

ఒక సాయంత్రం ఇంటికి చుట్టాలొస్తే, నాయన్ని పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపింది. పడవల దగ్గర లేడు. టీకొట్టు వెనక బల్ల మీద కూర్చుని, కాల్చిన ఉప్పుచేప నంజుకుంటా సంగటి తింటున్నాడు. నన్ను చూసి తడబడినాడు. ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టి, "తిను తల్లీ. మీ అమ్మతో చెప్పబాక" అన్నాడు.

నేను నోరు కట్టుకున్నది ఆ మనిషి కోసమే. ముక్క అక్కడే పారేసి ఇంటికి పరిగెత్తినాను. ఏడుపే తప్ప మాట రాలేదు. అమ్మ నా చెయ్యి వాసన చూసింది, వెనకాలే వచ్చిన నాయన ముఖం చూసింది. చుట్టాలు పోయినాక మెల్లగా అడిగింది: "నాకు చెప్పుంటే ఏదో ఒకటి చేసి పెట్టేదాన్ని కదయ్యా. బిడ్డ చేతికి అబద్ధం ఎందుకిచ్చినావు?"



తర్వాత ఎప్పుడన్నా ఒకసారి అమ్మే ఎండుచేపలు వేణ్ణీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, ఉప్పు చాలావరకు దిగినాక వంకాయతో పులుసు చేసి, ఆయనకు ఒక చిన్న ముక్క వేసేది. నాయన టీకొట్టు వైపు పోవడం మానేసినాడు. "ఇంకా కోపమా తల్లీ?" అని నన్ను అడుగుతుండేవాడు. కోపం కొన్నాళ్ళకు పోయింది. నమ్మకం మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు.

ఇప్పుడు మా ఇంటాయనకు చక్కెర జబ్బు. కొర్రన్నం, ఉడికించిన కూరలు నేనే వండి పెడతాను. బాగుందని ఆయనంటే నాకు చాలదు. ఇష్టంగా తింటున్నాడా, నన్ను సంతోషపెట్టడానికి తింటున్నాడా అని, మొదటి ముద్ద మింగేదాకా ఆయన ముఖమే చూస్తా ఉంటాను.