బావ జుట్టు మాత్రలు

టి. నగర్‌లో జాకెట్ గుడ్డల కొట్టు నాది. రోజంతా తాన్లు ఎత్తి దించే భుజాలు ఇవి. బరువు వీటికి కొత్త కాదు. కానీ కొన్నేళ్లుగా ఒక మడత కాగితం బరువు మాత్రం దించుకోలేకపోతున్నాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. ఇంతకన్నా మంచి గిరాకీ నాకు దొరకదు. చెప్పేస్తాను.

మా అక్క భర్త, అంటే మా బావ, కోడంబాక్కంలో సినిమాలకు తెలుగు డబ్బింగ్ చెబుతాడు. చీకటి గదిలో గొంతుతో బతికే మనిషికి జుట్టు మీద అంత మోజెందుకో నన్నడక్కండి. ఊడిపోతోందని అక్కకు తెలియకుండా మాత్రలు మింగేవాడు. తెచ్చిచ్చేది నేనే. బదులుగా, షుగరున్న నేను సాయంత్రాలు మైసూర్‌పాక్ తింటున్న సంగతి ఆయన నా భార్యకు చెప్పకూడదు. అదీ మా ఒప్పందం. అక్క కంటబడుతుందని డబ్బా పారేసి, వట్టి స్ట్రిప్పులే ఇచ్చేవాణ్ణి.

ఒకసారి, ధర తగ్గించమనడానికి వంకేదైనా దొరుకుతుందేమోనని డబ్బాలోని కాగితమంతా చదివాను. వంక దొరకలేదు. ఒక హెచ్చరిక దొరికింది. ఈ మాత్ర వాడేవారికి పీఎస్‌ఏ పరీక్షలో సగం దాకా తక్కువ చూపించవచ్చు, డాక్టరుకు తప్పక చెప్పండి, అని. పీఎస్‌ఏ ఏమిటో నాకు తెలియదు. సగానికి సగం తగ్గింపు అనగానే మాత్రం గుర్తుండిపోయింది.

తర్వాత బావకు మూత్రం ఇబ్బంది మొదలైంది. పరీక్షలు చేయించి, ముగ్గురం డాక్టరు దగ్గర కూర్చున్నాం. పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి రక్తంలోకి వదిలే ప్రోటీన్ అనీ, లోపల గడ్డ పెరిగితే సాధారణంగా అదీ పెరుగుతుందనీ ఆయన వివరించాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగాడు.

“తలనొప్పి మాత్ర కూడా మింగరు సార్, అంత భయం ఈయనకి,” అంది అక్క గర్వంగా.

బావ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

నంబరు హద్దులోనే ఉంది, భయం లేదన్నాడు డాక్టరు. బయటికి రాగానే బావ నా మెడ చుట్టూ చెయ్యేశాడు.

“చూసినావంట్రా, ఎంత తక్కువొచ్చిందో!”

“నేను పక్కనుంటే ఏదైనా తగ్గాల్సిందే కదా బావా.”

“మెల్లగా మాట్లాడు రా, మీ అక్క ఆడ బిల్లు కడతా ఉండాది. నోరు మూసుకోని కూర్చున్నావు చూడు, దానికి ఈ పొద్దు మైసూర్‌పాక్ నేనిప్పిస్తా.”

తిన్నాను. రెండు ముక్కలు.

ఆ హెచ్చరిక నాకు నిజంగా గుర్తురాలేదా? వచ్చింది. ఫ్యాను చూస్తున్నప్పుడే వచ్చింది. చెబితే జుట్టు గుట్టు బయటపడుతుందని, దానికి బదులుగా బావ నా మైసూర్‌పాక్ గుట్టు విప్పుతాడని, ఇంట్లో ఇక చక్కెర లేని కాఫీ తప్ప ఏదీ దక్కదని, అంత దూరం ఒక్క క్షణంలో ఆలోచించగలిగిన బుర్ర, పక్కనే కూర్చున్న బావ గురించి ఎందుకు ఆలోచించలేదు?

నంబరు ఏటా కొంచెం కొంచెం ఎక్కింది. హద్దు దాటాకే ముక్క తీసి చూశారు. క్యాన్సర్. గడ్డ అప్పటికే గ్రంథి పొర దాటింది. ఆపరేషను చేసి, రేడియేషను కరెంటు కూడా పెట్టారు. ముందే దొరికి ఉంటే ఆపరేషనుతోనే పోయేదేమో అన్నాడు డాక్టరు. అక్క ఏడ్చింది. నేను మళ్లీ ఫ్యాను చూశాను.

ఇప్పుడు బావ గుండ్రాయిలా ఉన్నాడు. ఆ ప్రోటీన్ రక్తంలో కనిపించీ కనిపించనట్టుంది. మాత్రలు మానేశాక జుట్టంతా రాలిపోయింది. వైద్యం వల్లే పోయిందని ఊరంతా చెప్పుకుంటాడు. కరెంటు పెట్టింది నడుము కింద! అయినా అందరూ అయ్యో అంటారు. అక్క ఆ బట్టతలను ముద్దుగా నిమురుతుంది. నవ్వాపుకోలేక నేను తాన్ల వెనక్కి పోతాను. నవ్వు అయ్యాక మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను.

ఈ తప్పుతోనూ బేరమాడాను. సగం తప్పు మాత్రల సంగతి దాచిన బావది, కొంత అక్క గర్వానిది అని. తెగలేదు. వాళ్లిద్దరూ ఆ కాగితం చూడలేదు.

చదివింది నేను. గుర్తున్నదీ నాకే. తెలిసి తెలిసి నోరు విప్పలేదు. ఇదీ ధర. తగ్గించి చెప్పకుండా ఉండటం ఇదే మొదటిసారి, భుజాలు కాస్త తేలికగానే ఉన్నాయి.