అమ్మకు సమజయ్యేదాకా

సారు పోయాడన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆయన పేరు, ఫొటోతో వచ్చింది. 'మన విభాగంలో గతంలో పార్ట్‌టైం అధ్యాపకులుగా పనిచేసిన వీరు నిన్న సాయంత్రం గుండెపోటుతో మరణించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. మనిషి చచ్చిపోయాక కూడా ఆ పార్ట్‌టైం అన్న మాటను వదల్లేదు వీళ్లు. ఇప్పుడైనా తీసెయ్యొచ్చు కదా అని టైపు చేసి, మళ్లీ చెరిపేశాను. చావు కబురు కింద గొడవ ఎందుకనిపించింది. అనిపించినందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

నేను తొర్రూరు దగ్గర పల్లె నుంచి వరంగల్‌కు యూనివర్సిటీ చదువుకు వచ్చినదాన్ని. మా ఇంట్లో నాకు ముందు బడి చదువు దాటినవాళ్లు లేరు. మొదటిరోజు డిపార్ట్‌మెంటు లైబ్రరీ గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. పుస్తకాలున్న చోటికి చెప్పులతో పోకూడదని మా అమ్మ నేర్పింది మరి. లోపల కూర్చున్నవాళ్లు నా కాళ్లు చూసి ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. కిటికీ పక్కన చదువుకుంటున్న ఒకాయన మాత్రం లేచి నా దగ్గరికి వచ్చాడు. 

"చెప్పులు తొడుక్కొని రా బిడ్డా. నువ్వు మొక్కనీకి రాలే, చదవనీకి వచ్చినవ్" అన్నాడు.

ఆయనే మా ఎకనామిక్స్ సారు. మర్నాడు పొద్దున్నే సైకిల్ స్టాండు పక్క గదికి రమ్మన్నాడు.

ఆ గదిలో నాలాంటివాళ్లే ఉన్నారు. నర్సంపేట నుంచి వచ్చినవాళ్లు, ఘన్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు, ఇంటర్ దాకా తెలుగులో చదివి ఇక్కడ ఇంగ్లిషు పాఠాలు వింటూ బిక్కమొహాలు వేసుకున్నవాళ్లు. మా కోసం సారు పెట్టుకున్న క్లాసు అది. ఎవరూ పెట్టమనలేదు. దానికి జీతమూ లేదు, టైమూ లేదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు కాజీపేటలో దిగి ఆటో దొరికించుకుని రావాలి. వాళ్లు వచ్చేదాకా సారు నోరు విప్పేవాడు కాదు.

"జర ఆగుండ్రి, ఘన్‌పూర్ బండోళ్లను రానియ్యుండ్రి" అనేవాడు.

అప్పటిదాకా మా టిఫిన్ డబ్బాల మూతలు తీసి చూసేవాడు. "ఈ తొక్కు ఎవలింటిది? మంచిగున్నది" అంటూ వేలితో నాకేవాడు. నలుగురి ముందు డబ్బా మూత తీయడానికి సిగ్గుపడ్డ మేము ఆయన కోసం తొక్కు ఎక్కువ పెట్టించుకుని రావడం మొదలుపెట్టాం.

ఇక ఆయన పాఠం చెప్పే తీరు. పాఠం అయ్యాక ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చెయ్యాలి, స్పీకర్ పెట్టాలి, ఆ రోజు పాఠాన్ని అమ్మకు చెప్పాలి. ఎత్తగానే సారే ముందు మాట్లాడేవాడు. "నమస్తే అమ్మా. నీ బిడ్డె ఒక ముచ్చట చెప్తది, జర విను. సమజ్ కాకుంటే కాలేదనే చెప్పు, మొగమాట పడకు." అమ్మ సమజైందంటే పాఠం వచ్చినట్టు. లేదంటే మళ్లీ చెప్పాలి.

నా వంతు వచ్చిన రోజు పాఠం అవకాశ వ్యయం. అమ్మ పత్తి చేనులో ఉంది. బట్టీ పట్టిందంతా గడగడా అప్పజెప్పాను. అటువైపు నుంచి అమ్మ, "ఏమో బిడ్డా, నాకైతే సమజ్ కాలే" అంది. గదిలో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"అమ్మకు సమజ్ కాలేదంటే నీకే కాలేదు. మళ్ల చెప్పు" అన్నాడు సారు.

ఈసారి పుస్తకం మూసేశాను. "అమ్మా, మన చెల్కల ఈయేడు పత్తి పెట్టినం గదా. పత్తి పెట్టినందుకు మక్కలు పెట్టకపోతిమి. ఆ వదులుకున్న మక్కలే పత్తికి పడ్డ ఖర్చు అంటాండ్రు."

"గంతేనా? దానికి గింత పెద్ద పేరెందుకే?" అంది అమ్మ. 

ఆ రోజు సారు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అప్పటి నుంచి మా అమ్మకు ఆయన మక్కల సారు. నేను పరీక్ష పాసైంది ఆ క్లాసు వల్లే. ఇవాళ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదీ దాని వల్లే. "నీకు రాదని ఎవలన్నరు? నీకింక ఎవలు సరిగ్గ చెప్పలే, గంతే" అని ఆయన మాకు చెప్పిన మాటను నా పిల్లలకు నేనూ చెబుతున్నాను.

నేను ఫైనలియర్‌లో ఉండగా యూనివర్సిటీని చూసి మార్కులు వేయడానికి బయటి నుంచి ఒక కమిటీ వచ్చింది. అన్నాళ్లూ ఆ గది మొహం చూడని మా డిపార్ట్‌మెంటు హెడ్డుకు ఒక్కసారిగా మేము గుర్తొచ్చాం. గోడలకు సున్నం వేయించారు. కొత్త కుర్చీలు తెచ్చారు. 'మొదటి తరం విద్యార్థుల సహాయ కేంద్రం' అని ఫ్లెక్సీ కట్టారు. ఆ రోజు మాత్రం ఫోన్లు వద్దని, తెలుగు వద్దని సారుకు గట్టిగా చెప్పారు. సారు ఇంగ్లిషులో పాఠం చెప్పాడు, మేము తలలూపాం. కమిటీ వాళ్లు ఫొటోలు తీసుకుని, భోంచేసి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా కుర్చీలు పోయాయి, ఫ్లెక్సీ పోయింది. గదిలో పాత పరీక్ష పేపర్ల కట్టలు నింపి తాళం వేశారు. 

తాళంచెవి ఇవ్వమని అడగడానికి సారు వెంట నేనూ వెళ్లాను. హెడ్డు తల ఎత్తకుండానే, "ఆ క్లాసుకు టైం టేబుల్ లేదు, అటెండెన్సు లేదు, ఏమని ఇవ్వాలయ్యా? చూద్దాంలే" అన్నాడు. సారు బయటికి వచ్చి, "చూస్తా అన్నడు గదా, ఫికర్ చెయ్యకు" అని నాకే ధైర్యం చెప్పాడు. అట్లా ఎన్నిసార్లు అడిగాడో. ఒక్కసారైనా గొంతు పెంచలేదు. ఆ విషయంలో సారు మీద కూడా నాకు కోపమే. మాకు అన్నీ నేర్పాడు, కొట్లాడటం మాత్రం నేర్పలేదు.

గది పోయాక క్లాసు సైకిల్ స్టాండు సిమెంటు గద్దె మీద సాగింది. నేను చదువు ముగించుకుని వచ్చేశాక, ఒక ఏడాది ఆయన కాంట్రాక్టును పొడిగించలేదు. అయినా పొద్దున్నే వచ్చాడట. గేటు దగ్గర ఐడీ కార్డు అడిగారట. పాత కార్డు చూపిస్తే చెల్లదన్నారట. లోపల గద్దె మీద పిల్లలు ఎదురుచూస్తుంటే సారు గేటు నుంచే వెనక్కి తిరిగిపోయాడు. ఆ పిల్లల్లో కొందరు మళ్లీ ఏడాది యూనివర్సిటీకే రాలేదు. వాళ్లు ఎందుకు రాలేదని అడిగే దిక్కు లేదు.

మొన్న సంతాప సభ పెట్టారు. వెళ్లాను. సారు ఫొటోకు బంతిపూల దండ, పక్కన దీపం. అదే హెడ్డు మైకు పట్టుకుని, "వారు మా కుటుంబ సభ్యులు" అన్నాడు. కుటుంబంలోవాణ్ని గేటు దగ్గర కార్డు అడుగుతారా? "వారు నిరాడంబరులు, ఏనాడూ మమ్మల్ని ఏదీ అడగలేదు" అని కూడా అన్నాడు. అడిగాడు. నా కళ్ల ముందే నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క తాళంచెవి అడిగాడు. చివర్లో, ఆయన సేవలకు గుర్తుగా ఆ సైకిల్ స్టాండు పక్క గదికి ఆయన పేరు పెడతామని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు.

సభ అయ్యాక ఆ గది దగ్గరికి నడిచాను. అదే తాళం. కిటికీలోంచి చూస్తే పైకప్పు దాకా పేపర్ల కట్టలు, వాటి మీద దుమ్ము. అమ్మకు ఇంకా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేశాను.

"అమ్మా, మా సారు పోయిండే."

"ఏ సారు? మక్కల సారా?" అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "అయ్యో, ఎంత మంచిగ మాట్లాడేటోడే. ఫోన్ ఎత్తంగనే అమ్మా అని పిల్చేటోడు. మరి ఆ పోరగాండ్లకు ఇప్పుడు ఎవలు చెప్తాండ్రు?"

"ఎవలు చెప్తలేరమ్మా."

"మీరు కూసునే అర్ర ఉండె గదా?"

"తాళమేసిండ్రు. ఇప్పుడు దానికి సారు పేరు పెడ్తరంట."

"పేరు పెట్టి, తాళం తీసి పోరగాండ్లను కూసోబెడ్తరా?"

"లేదమ్మా. పేరే పెడ్తరు."

అటువైపు చేనులో ఎవరో అమ్మను పిలుస్తున్నారు, ఆగమని ఆమె వాళ్లకు చెబుతోంది. తర్వాత మెల్లగా, "నాకైతే సమజ్ కాలే బిడ్డా. మళ్ల చెప్పు" అంది.

నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ లైన్‌లోనే ఉంది, వింటోంది.