తాత దిండు

1962లో నేను చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లు డిస్పెన్సరీలో నర్సుని. దయ్యాలు, గాలులు అంటే నాకు ఒళ్లుమంట. ఆ మాటెత్తిన వాళ్లని చెడామడా తిట్టి పంపేదాన్ని. సైదులు సంగతిలో మాత్రం నాకే ఒళ్లు జలదరించింది.

సైదులు బ్లో రూమ్‌లో పనిచేసేవాడు. దూది బేళ్లు విప్పి దుమ్ము దులిపే గది అది. ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి దిగాడంటే చాలు, ఛాతీ బిగుసుకుపోయేది. వారం గడిచేకొద్దీ సర్దుకునేది.

"మా నాన్న కూడా అక్కడే చేసి, సోమవారం నాడే పోయాడు సిస్టరమ్మా. ఆయనే వచ్చి గుండెల మీద కూర్చుంటన్నాడు."

"నోరు ముయ్యవయ్యా! అది దుమ్ము."

"మరి నా కూతురికీ ఇదే ఆయాసం. అది మిల్లు గుమ్మం తొక్కలేదే?"

పిల్లని చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. పిల్ల మౌలాబీ వీపున స్టెతస్కోపు పెడితే వీజింగ్, అంటే ఊపిరిలో ఈల వినిపించింది. అచ్చం తండ్రి ఛాతీలో విన్న ఈలే.

"పడుకుంటే తాత వాసన వస్తది. తర్వాత ఊపిరాడదు" అంది పిల్ల.

తల్లి హుసేన్‌బీ ఏడ్చేసింది. "మావాళ్ల రక్తంలోనే ఉందమ్మా. ఇది కూడా పోద్దా?"

నాకు భయమేసింది. "ఏదీ, పడుకో" అన్నాను. పిల్ల చాప మీద తల వాల్చిన కాసేపటికే ఈల మొదలైంది. దాని తలకింద దిండు లాగి వాసన చూశాను. నాకూ గొంతు పట్టేసింది.

"ఎవరిదిది?"

"మా మామది. మిల్లులో ఊడ్చిన దూది తెచ్చి తనే ఏకి కుట్టుకున్నాడు. దూదేకులోళ్లం, పెద్దాయన దిండు పారేస్తామా? ముద్దుల మనవరాలని దీనికిచ్చాం."

కుట్టు విప్పితే బూడిదలాంటి దుమ్ము గుప్పున లేచింది. తగలబెట్టమంటే సైదులు ఒప్పుకోలేదు. తండ్రి సమాధి పక్కనే పూడ్చిపెట్టాడు. మెల్లగా పిల్ల ఈల తగ్గింది. తాత మళ్లీ రాలేదు.

ఈ మాట మా మిల్లు డాక్టరుగారికి చెప్పాను. "బ్లో రూమ్‌లో అందరికీ ఇలా ఊపిరి పట్టలేదు. ఊపిరితిత్తుల బలహీనత వంశంలో ఉందేమో. వాటి నిండా దుమ్ము పోసింది మాత్రం మన మిల్లేగా" అన్నారాయన.

సైదులు మిల్లు మానలేకపోయాడు. మానితే ఇల్లు గడవదు. ఇంకో సోమవారం రొప్పుతూ వచ్చి నా ఎదుట కూలబడ్డాడు.

"నేను పోతే నా చొక్కాలూ నా దిండూ నాతోనే పూడ్చమని ఇంట్లో చెప్పాను సిస్టరమ్మా. పిల్లకి నాదంటూ ఏదీ మిగలకూడదు."

అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. అప్పట్నుంచి ఆయాసమని ఎవరొచ్చినా, ఏం పని చేస్తారని ముందు అడుగుతాను. ఆ వెంటనే, తలకింద ఎవరి దిండు పెట్టుకుంటారని అడుగుతాను.