ఎలుకను ముట్టని జకరయ్య

మా జకరయ్యన్న కంప్యూటరు మౌస్‌ను ముట్టుకునేవాడు కాదు. నంద్యాల శ్రీనివాస సెంటర్ వెనక సందులో కంప్యూటర్ల రిపేరు అంగడి పెట్టుకుని, రోజుకు అయిదారు పెట్టెలు విప్పి బిగించే మనిషి. అలాంటి మనిషి, మౌస్ కంటబడితే చాలు, తోక పట్టుకుని ఎత్తి బల్ల సొరుగులో పడేసేవాడు. దాన్ని మౌస్ అని కూడా అనేవాడు కాదు. ‘ఎలుక’ అనేవాడు.

2001లో డీటీపీ పనికి ఆ అంగట్లో చేరాను. మొదటిరోజు బల్లంతా వెతికి, కింద వంగి కూడా చూశాను.

"అన్నా, మౌస్ కనపడలేదు."

"కీబోర్డు కనపడిందా?"

"అది ఉండాది."

"దాంట్లో నూట నాలుగు మీటలుండాయి. నీకు చాలవా?"

చాలవని చెప్పే ధైర్యం లేక కూర్చున్నాను. వారం రోజులు నరకం చూశాను. రెండోవారం నుంచి నా వేళ్లే దారి వెతుక్కోవడం మొదలుపెట్టాయి. మెనూలో ఏ అక్షరం కింద గీత ఉంటే ఆల్ట్‌తో కలిపి ఆ అక్షరం నొక్కితే చాలునని, ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ కొడితే ఒక పనిలోంచి ఇంకో పనిలోకి దూకొచ్చని, తెరమీద మనకు కావలసిన బొమ్మకు మనమే ఒక మీట పెట్టుకోవచ్చని తెలిసింది. ఆయన పెట్టుకున్న మీటలన్నీ కీబోర్డుకు ఎడమవైపే ఉండేవి. అదేమని అడిగితే, "కుడిచెయ్యి టీ తాగేదానికి" అన్నాడు.

ఆయనకున్న ఇంకో మొండితనం, పాత విండోస్‌ను వదలకపోవడం. ఊళ్లో అందరూ కొత్తది వేయించుకుంటున్న రోజుల్లో కూడా తొంభై ఎనిమిదో సంవత్సరం దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి పాణ్యం నుంచి హరి అని రైసుమిల్లు గుమాస్తా కంప్యూటరును ఆటోలో వేసుకొచ్చాడు.

"అన్నా, ఇది నడవడం ల్యా. కొత్త విండోస్ వెయ్యి."

జకరయ్యన్న స్విచ్ వేసి, తెర మూలన గడియారం పక్కన బారులు తీరిన బొమ్మలను వేలితో చూపించాడు. "ఈళ్లంతా ఎవురప్పా?"

"నాకేం తెలుసన్నా."

"తెలీనోళ్లను ఇంతమందిని ఇంట్లో పెట్టుకుని, నడవలేదంటే ఎట్లా? ఇది లేసేటప్పుడే ఈళ్లందర్నీ మోసుకోని లేస్తాంది."

ఒక్కొక్కదాన్నే తీసేశాడు. హీరోయిన్ ఫోటో తీసి తెరను వట్టి నీలంరంగు చేశాడు. హరి ముఖం వాడిపోయింది. పనికిరాని ఫైళ్లు చెరిపి, మిగిలినవాటిని వరసగా సర్దుకొమ్మని కంప్యూటరుకే పురమాయించాడు. ఇక రెండు గంటలసేపు తెరమీద రంగురంగుల గళ్లు కదులుతుంటే, మ్యాట్నీ చూస్తున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన ఆయన భార్య జీవరత్నమ్మ కూడా నిలబడి చూసింది.

"ఏం చేస్తాండావ్?"

"లోపలుండేటివన్నీ సర్దుతాండా."

"ఇంట్లో చింతపండు యాడుందో తెలీదు గానీ, ఈడ సర్దుతాండాడంట. నిజం ఎలుకలు బియ్యం మూట కొరుకుతాండాయి. ఆటిని పట్టి సొరుగులో వెయ్యి, పుణ్యముంటాది."

సాయంత్రానికి హరి పెట్టె చెంగుచెంగున లేచింది. అతను సంతోషంగా సర్దుకుంటూ చూసుకున్నాడు. "అన్నా, నా మౌసు?"

"అది లేకుండా నెలరోజులు చూడు. అప్పటికీ కావాలంటే వచ్చి తీసకపో."

హరి రాలేదు. నంద్యాల మార్కెట్‌లోనే కొత్తది కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది. అలా పోయిన గిరాకీలు ఎన్నో.

రెండు వారాలకోసారి ఆదివారం జకరయ్యన్న ఆళ్లగడ్డకు పోయేవాడు. ఎందుకని అడిగితే, "సర్వీసింగ్" అనేవాడు. 2003 వేసవిలో ఒక ఆదివారం అక్కడి పాతవాటికి బదులు మానిటర్ ఒకటి, పెట్టె ఒకటి తీసుకుపోవలసి వచ్చి, పట్టుకోవడానికి నన్ను తోడు రమ్మన్నాడు. బస్సులో మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

మేము పోయింది సంజీవయ్య సార్ ఇంటికి. ఆళ్లగడ్డలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ పాతికేళ్లు నడిచింది. చుట్టుపక్కల ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే. రుద్రవరం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి నేర్చుకున్న జకరయ్యన్న కూడా. ఇంటి ముందుగదిలో సార్ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పింఛను అర్జీ కొడుతున్నారు. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. ఎడమచేతి వేళ్లు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తుతున్నాయి. షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం కొడుతున్నారు. రెండూ కలిపి నొక్కినట్టే అక్షరం పడుతోంది. బల్లమీద మౌస్ లేదు.

నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. మిగతాది సార్ భార్య రంగమ్మ వంటింట్లో చెప్పింది.

"పచ్చవాతమొచ్చినాక మిషన్లన్నిటికీ గుడ్డలు కప్పేసినాడమ్మా. ఎవురొచ్చినా గోడదిక్కు తిరిగి పండుకుంటాండె. అప్పుడు జకరయ్య ఈ కంప్యూటర్ తెచ్చినాడు. ఎడమచేత్తో ఆ మౌసు పట్టుకుంటే బాణం గుర్తు తెరంతా ఉరుకుతాండాది, ఈయన చెప్పినకాడ నిలబడ్ల్యా. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. జకరయ్య ఏం చేసినాడంటే, దాని వైరు పీకి జేబులో పెట్టుకున్న్యాడు. ‘సార్, ఇది టైపు రానోళ్లకు ఇచ్చేది. పొరపాటున మీకు తెచ్చినా. పని తెలిసినోళ్లు ఎవురూ దీన్ని ముట్టరు’ అన్న్యాడు."

ఆ తర్వాత జకరయ్యన్న నంద్యాలలో కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నెలరోజులు పనిచేశాడట. ఒంటిచేత్తో విండోస్‌లో ఏమేం చేయొచ్చో ఒక్కొక్కటీ కనుక్కుని, ఆదివారం వచ్చి సార్‌కు నేర్పేవాడట. కొత్త విండోస్ వేస్తే మెనూలు చోటు మారతాయి, సార్ వేళ్లు మళ్లీ మొదటికొస్తాయి. అందుకని పాతదాన్నే పట్టుకున్నాడు. సార్ శిష్యులు నంద్యాలలో ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరైనా సార్ దగ్గరికి వచ్చి మౌస్ మాటెత్తితే తన అబద్ధం బయటపడుతుంది. అందుకని ఊరందరి చేత మౌస్ మాన్పించాలని కంకణం కట్టుకున్నాడు. ఒక అబద్ధాన్ని నిజం చేయడానికి అంత శ్రమపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

జకరయ్యన్న పెరట్లో కరెంటు వైరు సరిచేస్తున్నప్పుడు సార్ నన్ను దగ్గరికి పిలిచారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"మీ అంగట్లో ఎలుకలు వాడతారా, పాపా?"

"లేదు సార్. పని తెలిసినోళ్లు దాన్ని ముట్టరు."

సార్ భుజాలు కదిలేలా నవ్వారు. "బాగా నేర్పినాడు నీకు. మండలాఫీసులో చూసినాలేమ్మా, ఇద్దరు కూచోని దాన్ని బల్లమీద తోముతాండారు. అందరూ దాంతోనే చేస్తారని నాకు తెలిసి రెండేండ్లాయ."

"మరి అన్నకు చెప్పలేదేంది సార్?"

"చెప్తే వాడు ఊరుకుంటాడా? ఇంగో ఉపాయం కనిపెట్టుకోనొస్తాడు. ఇది నేర్చుకునేకే నాకు ఆర్నెల్లు పట్టింది." పెరటివైపు చూసి గొంతు తగ్గించారు. "ఇంగోటి. నా దగ్గర నేర్చుకునేటప్పుడు వానికి ఎడమచెయ్యి అసలు ఆడేదే కాదు. ఎంత చెప్పినా వినలేదు. టైపు లోయర్ పరీక్షలో దానికే తప్పినాడు. నా పుణ్యాన ఇప్పుడు బాగుపడింది."

తిరుగు బస్సులో జకరయ్యన్న ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"సార్ నీతో ఏమన్నా అన్న్యాడా?"

"నీ ఎడమచెయ్యి బాగుపడిందన్నాడన్నా."

ఆయన ఎడమచేతిని ఒళ్లో చాపుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. శిరివెళ్ల దాటినా ఇంకా చూసుకుంటూనే ఉన్నాడు.

"సార్ అంత సులువుగా మెచ్చుకునే మనిషి కాదు," అన్నాడు చివరికి.