కంప్యూటర్ పట్టుకున్న రెండో పుచ్చు

ఈ రోజు మధ్యాహ్నం, అప్పటికే పాతిక నోళ్లు చూసి నా నడుము పడిపోయి ఉండగా, బెంగళూరు నుంచి ఒకాయన మా అనంతపురం పళ్ల క్లినిక్‌కి వచ్చాడు. పంటి ఎక్స్‌రే చూసి పుచ్చు ఎక్కడుందో తనే చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం తెచ్చాడు.

"ఇది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, డాక్టర్! దీనికి అలుపుండదు," అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను సగం పడిపోయాను.

కుర్చీలో రాయదుర్గం నుంచి దవడ పన్ను నొప్పితో వచ్చిన ఒకామె ఉంది. ముందు పన్ను అంచు కూడా తేడాగా కనిపిస్తే రెండింటికీ ఎక్స్‌రే తీశాను. ప్రోగ్రాం దవడ పన్నులో పుచ్చును సరిగ్గానే పట్టుకుంది. ముందు పన్ను అంచు మీద కూడా ఎర్రటి సున్నా చుట్టి, అదీ పుచ్చే అంది. సరే, దానికీ సిమెంటు పెట్టేద్దామని డ్రిల్లు అందుకున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అది పుచ్చు కాదు సార్. పద్నాలుగేండ్లుగా జీన్స్ ప్యాంట్లు కుడతాండా. దారం కొరికి కొరికి పడిన గాడి అది. కత్తెర ఎతుక్కునే లోపల పక్కామె రెండు జేబులు కుట్టేస్తాది. ఈడ సిమెంటు పెడితే రేపు దారం దేంతో తెంపల్ల?"

బెంగళూరాయన ఏదో రాసుకున్నాడు. నేను డ్రిల్లు పక్కన పెట్టాను.

ఏం పని చేస్తావమ్మా అని అడగడం కంప్యూటర్‌కి రాదు. నాకు వచ్చు. అయినా అడగలేదు.

మిమ్మల్ని మీ డాక్టరు ఆ మాట చివరిసారి ఎప్పుడు అడిగాడు?