కుండలో లేని ముక్క

యుద్ధం రోజులు. బెంగుళూరు స్టేషన్లో మైసూరు బండి కోసం కూర్చున్నాను. పక్కన నగర్తపేట జరీ వ్యాపారి ఒకాయన, ఒళ్లో గుడ్డ కట్టిన చిన్న కుండ. బెంచీ మీద చోటున్నా దాన్ని దించలేదు. కూతురి అస్థికలనీ, శ్రీరంగపట్నంలో కలపడానికి పోతున్నాననీ తనే చెప్పాడు.

పాప కాలి ఎముక చీముపట్టి కుళ్లితే, డాక్టరు అంతమేరా తోడేసి, ఈయన కాలి ఎముకలోంచి తీసిన ముక్కను అక్కడ పెట్టాడట. ముందు దాన్ని యాసిడ్‌లో నానబెట్టాడట. ఎముకలోని సున్నమంతా కరిగిపోయి ముక్క తోలులా మెత్తబడింది. పాప ఒంట్లోని సున్నం పట్టి అది మళ్లీ గట్టిపడాలి. ఈలోపే జ్వరమొచ్చి పాప పోయింది.

“బతికుండే వాని ఎముక నీళ్లలో కలపకూడదని అయ్యవారు చెప్తే, బూడిదలో నా ముక్క కోసం ఎతికినానప్పా. దొరకలేదు. సున్నం లేని ఎముక నిప్పులో మిగలదంట, అంతా కాలిపోతాదని డాక్టరు చెప్పినాడు.”

“పోనీలెండి, ఆ దోషమైనా తప్పింది,” అన్నాను.

ఆయన పంచె మీదినుంచే మోకాలి కింది గుంతను తడుముకున్నాడు.

“పాప సున్నం రవ్వంత పట్టింటే దొరికుండేదప్పా,” అన్నాడు.