కొనబోయే కంపెనీకి ఆమె అప్పటికే డైరెక్టరు

కోవిడ్ తగ్గి మాస్కులు పక్కన పెట్టేసిన ఏడాది అది. అప్పటికి నేను రాజమండ్రి దానవాయిపేటలో కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీసు పెట్టి పదహారేళ్ళయింది. కంపెనీ సెక్రటరీ అంటే ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే మనిషనుకుంటారు చాలామంది. కంపెనీ పుట్టిన రోజు నుంచి మూతపడేదాకా అది ప్రభుత్వానికి చెప్పాల్సినవన్నీ సరిగ్గా చెప్పించడం మా పని. ఎవరైనా ఒక కంపెనీని కొంటుంటే, కొనేవారి తరఫున దాని పాత కాగితాలన్నీ తిరగేసి చూడడం కూడా మా పనే. దాన్ని డ్యూ డిలిజెన్స్ అంటారు. ఉన్నమాట చెప్పాలంటే, ఫీజు తీసుకుని అనుమానపడడం.

ఆ వేసవిలో రామలక్ష్మి గారు మా ఆఫీసుకొచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి పీచు కంపెనీలో కాయ ఒలిచిన డొక్కలు ఎండబెట్టే కూలీగా చేరి, ఇరవై రెండేళ్ళలో ఆ కంపెనీకే మేనేజరయ్యారు. యజమాని భాస్కరరావు గారికి డెబ్బై దగ్గరపడింది. కంపెనీ అమ్మేస్తానని ముందుగా ఈవిడకే చెప్పారట.

"బయటోళ్ళకిస్తే మన షెడ్డులో పనిచేసే ఆడోళ్ళంతా వీధిన పడతారు, నువ్వే తీసుకోమ్మా అన్నారండి మా సారు. బ్యాంకు లోను తీసుకుని కొందామని. మీరు కాగితాలు చూసిపెట్టాలండి."

ఆవిడ చెప్పిన ధర విని రాయడం ఆపేశాను. ఆ చుట్టుపక్కల భూమి ధర లెక్కేసుకున్నా అది తక్కువే.

"అంత తక్కువకి ఎందుకిస్తున్నారండి?"

"నేనంటే అభిమానం అండి."

అభిమానంతో చీర పెడతారు. కంపెనీ ఇచ్చేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఆవిడ వెళ్ళగానే కంపెనీల శాఖ వెబ్‌సైటు తెరిచాను. అందులో ఏ కంపెనీ వివరాలైనా ఎవరైనా చూడొచ్చు. ముందు ఛార్జీల జాబితా చూశాను. ఛార్జీ అంటే కంపెనీ తన ఆస్తిని తాకట్టు పెట్టినట్టు నమోదు. అది ఖాళీగా ఉంది. తర్వాత డైరెక్టర్ల జాబితా చూశాను. ఇద్దరున్నారు. ఒకరు భాస్కరరావు గారు. రెండోది రామలక్ష్మి గారి పేరు, ఇంటిపేరుతో సహా. ఆరేళ్ళ నుంచీ ఉంది.

నాతో మాత్రం మేనేజర్నని చెప్పారు.

డైరెక్టరు తన కంపెనీని కొనుక్కోవడం తప్పేమీ కాదు. దాచడమే నాకు మింగుడుపడలేదు. ఇద్దరూ కలిసి లోపల డొల్లగా ఉన్న కంపెనీని బ్యాంకుకి చూపించి లోను లాగుదామనుకుంటున్నారా? అందులో నా సంతకం కూడా వాడుకుందామనా? ఫోన్ చేసి అడిగేయొచ్చు. అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు, వాళ్ళంతట వాళ్ళే ఎక్కడో దొరుకుతారనుకున్నాను.

ఆ వారమే ఆవిడతో రాజమండ్రిలోని ఒక బ్యాంకుకి వెళ్ళాను. బ్యాంకు మేనేజరు సూటిగానే చెప్పారు.

"షేర్లు కొనుక్కోడానికి మేం లోనివ్వలేమండి. భూమి, షెడ్డు, మెషినరీ కొంటానంటే వాటిమీద టర్మ్ లోను చూద్దాం, కొన్నేళ్ళపాటు వాయిదాల్లో కట్టుకోవచ్చు."

ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. ఆస్తులు కొంటే భూమి, యంత్రాలు మాత్రమే మన చేతికొస్తాయి. షేర్లు కొంటే కంపెనీ మొత్తం వస్తుంది. దాని అప్పులు, కేసులు, అది ఎవరెవరికో ఇచ్చిన మాటలు అన్నీ కలిపి వస్తాయి.

భాస్కరరావు గారిని కలవడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. మర్యాదస్తుడు. స్వయంగా కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చారు. ఆస్తుల మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపారు.

"షేర్లేనండి. విడివిడిగా అమ్మను. బ్యాంకు ఇవ్వదంటారా, ఆవిడ ఇల్లుంది, అరెకరం కొబ్బరితోటుంది, వాటిమీద తెచ్చుకోమనండి. చాలకపోతే కంపెనీ స్థలాన్నే ఆవిడ లోనుకి సెక్యూరిటీ పెడదాం. ప్రైవేటు కంపెనీకి ఆ వెసులుబాటు ఉందంట కదండి?"

ఉంది, షరతులతో. పీచు వ్యాపారి నోటంట ఆ సంగతి అంత తేలిగ్గా రావడం నా మనసులో ఉండిపోయింది.

షేర్ల కొనుగోలు ఒప్పందం ముసాయిదా పంపాను. నాలుగు రోజులకి తిరిగొచ్చింది. ముప్పై పేజీల్లో ఆయన దిద్దింది ఒక్కచోటే. 'ఈ కంపెనీ ఇతరుల అప్పులకు ఎటువంటి హామీ ఇవ్వలేదు' అన్న వాక్యాన్ని నీలం పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. అలాంటి మాట అబద్ధమని తేలితే నష్టం అమ్మినవారే భరించాలి. పక్కన కారణం లేదు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని ఉండగానే రామలక్ష్మి గారు ఫోన్ చేశారు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

"మేడం గారూ, అడ్వాన్సు ఇచ్చేశానండి. సారు తొందరపడుతున్నారని నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి కట్టేశాను. ఇంక మనదేనండి."

నేను కుర్చీలోంచి లేచాను. మోసం చేసేవాళ్ళు తమ ఒంటిమీది బంగారం పెట్టి మోసం చెయ్యరు. వెంటనే రమ్మన్నాను.

రెండు గంటల్లో వచ్చారు. కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాను.

"మీరు డైరెక్టరని నాకెందుకు చెప్పలేదు?"

"నేనా? డైరెక్టరేంటండి? నేను మేనేజర్నండి."

"ఆరేళ్ళ నుంచీ మీరే డైరెక్టరు. ఇదిగో మీ పేరు."

ఆవిడ తెర దగ్గరికి వంగి తన పేరు వేలితో తడిమారు. తర్వాత ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నారు. ఆరేళ్ళ క్రితం, యజమాని భార్య చనిపోయినప్పుడు, పీఎఫ్ కోసమని ఆధారు, పాన్ కార్డు తీసుకున్నారట. ఫోన్ ముందు నిలబెట్టి పేరు చెప్పమని వీడియో తీశారట; డిజిటల్ సంతకం ఇచ్చేముందు మనిషిని అలాగే సరిచూస్తారు. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలి. భార్య పోయి ఖాళీ అయిన ఆ చోటులోకి ఈవిడ పేరు ఎక్కించారు. ఆన్‌లైన్ పత్రాల మీద ఈవిడ పేరున సంతకం చేసే ఆ పెన్‌డ్రైవ్ లాంటి పరికరం కూడా ఆయన బల్ల సొరుగులోనే ఉందని తర్వాత తెలిసింది.

"ఇంకెక్కడైనా సంతకాలు పెట్టారా?"

"మూడేళ్ళ క్రితం కాకినాడలో ఒక బ్యాంకుకి కార్లో తీసుకెళ్ళారండి. సారు బావమరిదికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. దానికి సాక్షి సంతకమన్నారు. నాలుగైదు చోట్ల పెట్టాను."

ఆ ఐసు ఫ్యాక్టరీ కూడా కంపెనీయే. దాని ఛార్జీల పత్రాలు రుసుము కట్టి తెరిచాను. బ్యాంకు మంజూరు లేఖ దానికి జత చేసి ఉంది. చివరి పేజీలో హామీదారులు ముగ్గురు: మన పీచు కంపెనీ, భాస్కరరావు, రామలక్ష్మి. ఆస్తి తాకట్టు పెట్టకుండా ఇచ్చిన హామీ గనక పీచు కంపెనీ ఛార్జీల జాబితాలో అది కనపడలేదు. బావమరిది కోవిడ్ నుంచి వాయిదాలు సరిగ్గా కట్టడం లేదని తర్వాత తెలిసింది. ఈవిడ షేర్లు కొని ఉంటే, సొంత ఇల్లు తాకట్టు పెట్టి మరొకరి బాకీని కొనుక్కునేవారు. అసలు కొనకపోయినా ఆ హామీ ఆవిడ మెడకి అప్పటికే ఉంది.

ఇదంతా నిదానంగా చెప్పాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ నావైపే చూస్తూ అడిగారు.

"నా పేరు అందులో ఉన్నట్టు మీకెప్పుడు తెలిసిందండి?"

"మీరు వచ్చిన రోజే."

"అంటే పదిహేను రోజులు. నేను దొంగననుకున్నారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అనుకున్నాను."

"అడగాల్సిందండి. అడిగుంటే నా గాజులు ఇంట్లోనే ఉండేవి."

ఈ వృత్తిలో నన్ను చాలామంది తిట్టారు. ఆవిడ తిట్టలేదు. అయినా ఇప్పటికీ గుర్తొస్తే ముఖం వేడెక్కే మాట అదే.

మర్నాడు భాస్కరరావు గారిని ఆఫీసుకి పిలిపించాం. మంజూరు లేఖ ముందు పెట్టాను. ఆయన చివరి పేజీ తిప్పి చూశారు.

"ఆ అమ్మాయిని ముంచుదామనుకున్నానా అండి? బావమరిది కట్టేస్తాడనుకున్నాను. ఈలోపు నేను బయటపడదామని..."

"కట్టేస్తాడనుకుంటే ఆ వాక్యం ఎందుకు కొట్టేశారండి?"

 రామలక్ష్మి గారు ఒకటే అడిగారు: "సాక్షి సంతకం అన్నారు కదండీ సారు?" ఆయన చేతులు రెండూ బల్లమీద పెట్టి వాటికేసి చూస్తూ కూర్చున్నారు.

కేసు పెడదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "కేసయితే షెడ్డు మూతపడిపోద్దండి. అరవై మంది ఆడోళ్ళున్నారు. దారేదైనా ఉంటే చెప్పండి."

దారి ఒకటే ఉంది. హామీ ఉండగా ఆస్తులు దొంగచాటుగా అమ్మితే కాకినాడ బ్యాంకు కోర్టుకెళ్ళి ఆ అమ్మకాన్నే రద్దు చేయించగలదు. అందుకని ఆ బ్యాంకు దగ్గరికే వెళ్ళాం. నాలుగు నెలలు తిరిగాం. ఆస్తులు విడిగా అమ్మడానికి ఈసారి భాస్కరరావు గారు ఒప్పుకున్నారు. రామలక్ష్మి గారు సొంతంగా ఒక కొత్త కంపెనీ పెట్టారు. రాజమండ్రి బ్యాంకు ఆ కంపెనీకి భూమి, యంత్రాల మీద టర్మ్ లోనిచ్చింది. ఆ డబ్బు భాస్కరరావు గారి చేతికి వెళ్ళకుండా ఎస్క్రో ఖాతాలో ఉంచాం. అంటే అన్ని కాగితాలూ చేతులు మారేదాకా ఎవరూ ముట్టుకోలేని ఖాతా. అందులోంచి సొమ్ము నేరుగా కాకినాడ బ్యాంకుకి వెళ్ళింది. పీచు కంపెనీనీ రామలక్ష్మి గారినీ హామీ నుంచి విడుదల చేస్తూ బ్యాంకు లేఖ ఇచ్చింది. అడ్వాన్సు ధరలో సర్దుబాటయింది. భాస్కరరావు గారికి మిగిలింది కొద్దే. పాత కంపెనీ డైరెక్టరు పదవికి ఆవిడ రాజీనామా చేశారు. ఆ కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివించుకుని గానీ సంతకం పెట్టలేదు.

భాస్కరరావు గారు కావాలని చేశారా, భయంతో చేశారా, నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ నీలం గీత తలుచుకుంటే ఒకలాగా, బల్లమీద పెట్టిన ఆ చేతులు తలుచుకుంటే ఇంకోలాగా అనిపిస్తుంది.

నా సంగతి మాత్రం నాకు బాగానే తేలింది. అనుమానపడడం నా పనే. దాన్ని లోపల దాచుకుని, తెలివితేటలనుకుని మురిసిపోవడం నా పని కాదు. నేను గడుసుగా మౌనంగా ఉన్న పదిహేను రోజుల్లోనే ఆవిడ బంగారం బ్యాంకుకెళ్ళింది. ఇప్పుడు ఎవరు కంపెనీ కొంటామని వచ్చినా, అమ్మేవారికంటే ముందు వాళ్ళ పేరే వెతుకుతాను. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, తెర వాళ్ళ వైపే తిప్పి, వాళ్ళు చూస్తుండగా వెతుకుతాను. కొందరికి కోపం వస్తుంది, లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తాను.